తొంభైతొమ్మిదిని లెక్కపెట్టిన కాపరి

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున రుద్రారములో ఉపాధ్యాయులు, సంఘ పెద్దలు, తల్లిదండ్రులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



హైస్కూలు చదువు మధ్యలో మానివేయబోవు పిల్లలను ముందుగా ఎట్లు గుర్తుపట్టవలెను, మానివేసినవారిని తిరిగి ఎట్లు తీసికొని రావలెను అను విషయముపై మాట్లాడుమని నన్ను కోరినారు. నేను బడిపంతులును కాను. ఈ సభలో ఈ పని నాకంటె బాగుగా తెలిసినవారు పదిమందియైనా ఉన్నారు. అయినను ఒప్పుకొన్నాను. అందుకు కారణము మా సంఘములోనే జరిగిన ఒక సంగతి. అందులో తప్పు నాది గనుక ముందుగా దానినే చెప్పెదను.

మూడేండ్ల క్రిందట నవంబరు మాసములో ఒక ఆదివారము కానుకల పళ్ళెములో ఒక కవరు వచ్చినది. దానిమీద “మొదటి జీతము, కృతజ్ఞతార్పణ” అని వ్రాసియున్నది. పేరు చూచితిని. మన సండే స్కూలు పిల్లవాడే. కీర్తనలు కంఠస్థము చెప్పుటలో బహుమానము పొందినవాడు. తండ్రి కూలి పని, తల్లి ఒక కంపెనీలో ఊడ్చు పని. నేను సంతోషముతో పిల్లవానిని ముందుకు పిలిచి, తలమీద చేయి పెట్టి, వాని చేతుల కష్టమును దీవించుమని ప్రార్థన చేసితిని. సంఘమంతయు చప్పట్లు కొట్టినది. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొన్నది. ఆ సాయంత్రము మా అమ్మాయి అడిగినది: “నాన్నా, వాడు పదో తరగతి కదా, నవంబరులో జీతమేంది?”

నాకు నోట మాట రాలేదు. వాని వయస్సు పదునైదు. నేనే బాప్తిస్మపు రిజిస్టరులో సంతకము చేసినవాడను. మరునాడు విచారించగా తెలిసినది, దసరా సెలవుల తరువాత వాడు బడికి పోనేలేదు. ఒక గుత్తేదారు క్రింద గోదాములో డబ్బాలు ఎక్కించుచు దించుచు ఉన్నాడు. బడి రిజిస్టరులో పేరు ఇంకను ఉన్నది. వాని ప్రక్క బెంచీ పిల్లవానికి తెలుసు. టీ దుకాణము అతనికి తెలుసు. సండే స్కూలు టీచరమ్మకు కొంచెము తెలుసు. తలా ఒక ముక్క తెలిసినవారమే గాని, ఆ ముక్కలన్నిటిని ఒకచోట చేర్చు పని ఎవరిదియు కాలేదు. నేనైతే తెలియకనే దానికి ఆశీర్వాదము కూడ ఇచ్చితిని.

వేదాంత కళాశాలలో చదివిన దినములలో లూకా సువార్త పదునైదవ అధ్యాయమును గ్రీకులో చదివినాము. ఒక్క క్రియాపదము మీద గంటసేపు చర్చ జరిగినది నాకు జ్ఞాపకము. అయితే నూటిలో ఒకటి లేదని ఆ కాపరికి ఎట్లు తెలిసినది అని మాలో ఎవరును అడుగలేదు. ఆయన లెక్కపెట్టినాడు గనుక తెలిసినది. సాయంకాలము దొడ్డి వాకిట నిలిచి, ఒకటొకటిగా తొంభైతొమ్మిది వరకు లెక్కపెట్టినాడు. అడవికి పోవుట తరువాతి మాట. మనము ప్రసంగములలో అడవికి పోవుటనే చెప్పుదుము, లెక్కను విడిచిపెట్టుదుము. ఈ దినము నేను ఎక్కువగా లెక్కను గూర్చియే మాట్లాడెదను.

మన ప్రాంతము సంగతి మీకు నేను చెప్పనవసరము లేదు గాని, ఒక్క మాట. 1960లలో రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చినది. 1972లో పటాన్‌చెరువు దగ్గర ఇక్రిశాట్ వచ్చినది. తరువాత పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము, ఇస్నాపూర్ అంతట కర్మాగారములు లేచినవి. జొన్న చేలు ఉన్న రుద్రారములో ఇప్పుడు గీతం విశ్వవిద్యాలయపు ఆవరణ ఉన్నది. వర్షము లేని ఊరిలో పిల్లవాడు చదువు మానితే దానికి కరువు కారణమని చెప్పుకొందుము. ఇక్కడ అట్లు కాదు. ఇక్కడ పని బడి గేటు ముందరనే ఉన్నది. పెండ్లిళ్ళ కాలములో ఫంక్షన్ హాలులో ఒక రాత్రి వడ్డన చేసినచో చేతికి రొక్కము. దాని రుచి మరిగిన పిల్లవానికి మరునాటి ఉదయము లెక్కల క్లాసు రుచింపదు.

ఇంకొక సంగతి కలదు, దీనిని తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలెను. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అది ఆరు మొదలు పదునాలుగు ఏండ్ల పిల్లలకు వర్తించును. బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగు ఏండ్లలోపు బిడ్డను ఏ పనిలోను పెట్టుకొనరాదన్నారు, ఇంటివారికి బడి వేళల తరువాత చేయు సహాయము తప్ప. పదునాలుగు మొదలు పదునెనిమిది వరకు అపాయకరమైన పనులలో మాత్రమే నిషేధము. రెండు చట్టములు ఒకే గీత దగ్గర నిలిచిపోవుచున్నవి, చూచితిరా? ఆ గీత తొమ్మిదవ తరగతి వాకిట పడుచున్నది. చదువుమను హక్కు, పని వద్దను అడ్డు, రెండును ఒక్కసారే సడలుచున్నవి. పైగా ఎనిమిది వరకు ఎవరినీ తప్పించరాదని 2009 చట్టము చెప్పియుండెను. 2019లో సవరించి ఆ నిర్ణయమును రాష్ట్రములకు విడిచిపెట్టినారు. తప్పించకుండుట మంచిదే. అయితే చదువ రాని పిల్లవానికి చదువు నేర్పకుండ పైకి పంపినచో, తొమ్మిదవ తరగతిలో వాడు మొదటిసారి తన పరిస్థితిని తానే చూచుకొనును. గోదాము వాడు అదే సమయమున పిలుచును.

అపాయకరమైన పని అను మాటను తేలికగా తీసికొనకుడి. 2025 జూన్ 30న పాశమైలారములోని ఔషధ కర్మాగారములో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు మరణించినారు. చాలమంది దూర రాష్ట్రములనుండి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. ఆ ధూళి, ఆ రసాయనముల మధ్యకు ఆధార్ కార్డులో ఏండ్లు పెంచి పదహారేండ్ల పిల్లవానిని పంపుట ఎటువంటిదో తండ్రులు ఆలోచించవలెను.

ఇప్పుడు లెక్క సంగతి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో రాబర్ట్ బాల్ఫాంజ్ అను పరిశోధకుడు, ఆయన తోటివారు వేలకొలది పిల్లల రికార్డులను ఏండ్ల తరబడి వెంబడించి 2007లో ఒక వ్యాసము ప్రచురించినారు. ఆరవ తరగతిలోనే నాలుగు గుర్తులు కనబడుచున్నవని వారు తేల్చినారు. హాజరు నూటికి ఎనభైకంటె తగ్గుట, గణితములో తప్పుట, భాషలో తప్పుట, నడవడి చెడుట. ఇందులో ఏ ఒక్కటి ఉన్నను ఆ బిడ్డ చదువు పూర్తిచేయుట కష్టమని తెలిసినది. దీనికి కంప్యూటరు అవసరము లేదు. ఈ నాలుగును మన క్లాసు టీచరుగారి బల్లమీద ఉన్న హాజరు పట్టీలోను, మార్కుల పట్టీలోను ఇదివరకే ఉన్నవి.

మా పిల్లవాని హాజరు పట్టీని ప్రధానోపాధ్యాయులవారు దయతో నాకు చూపినారు. దానిని చూచి చాలసేపు కూర్చుంటిని. జూన్, జూలై నెలలలో లోపము లేదు. ఆగస్టులో సోమవారములు లేవు. ఆదివారము రాత్రి వడ్డన పనికి పోయి, సోమవారము పడుకొనుచున్నాడు. సెప్టెంబరులో సోమ, మంగళ వారములు. యూనిట్ పరీక్షలో గణితము, ఆంగ్లము పోయినవి. దసరాకు ముందు పది దినములు మధ్యాహ్న భోజనము వేళకు వచ్చి పోయినాడట. దసరా తరువాత ఏమియు లేదు. వాడు ఒక్క దినమున మానలేదు, అయ్యలారా. నాలుగు నెలలు మానుచు వచ్చినాడు. ఆ కాగితము మీద మొత్తము స్పష్టముగా ఉన్నది. ఉపాధ్యాయులను నేను నిందించుట లేదు. అరువదిమంది పిల్లలు, ఎన్నికల పని, లెక్కల పని, ఫోనులో పంపవలసిన నివేదికలు. హాజరు పైకి పంపుటకు తీసికొందురు గాని, చదువుటకు తీసికొనరు. అంతే తేడా.

కనుక నేను మొదట అడుగునది ఇది. వరుసగా మూడు దినములు రాని బిడ్డ ఇంటికి నాలుగవ దినమున ఒక మనిషి పోవలెను. వారమునకొకసారి సోమవారముల లెక్క వేరుగా చూడవలెను. పండుగ సెలవుల తరువాత మొదటి దినమున రాని పేర్లు ఆ సాయంకాలమే వ్రాసికొనవలెను. ఒక్క నెల గడిచిన తరువాత పోయినచో, అప్పటికి ఆ బిడ్డ వేరొక జీవితములో కుదురుకొని యుండును, గుత్తేదారు దగ్గర ఇంటివారు తీసికొన్న అడ్వాన్సు ఖర్చయిపోయి యుండును.

పోయినప్పుడు ఏమి మాట్లాడవలెను? ఇందులోను నేను తప్పు చేసితిని. మొదటిసారి పోయి వాని తల్లికి చదువు విలువను గూర్చి అరగంట బోధ చేసితిని. ఆమె ఓపికగా విన్నది. చివరకు అన్నది: “అయ్యగారూ, నేనేం వాన్ని పనికి పొమ్మనలే. సారు లేపి ఇంగ్లీషు పాఠం చదవమంటే రాలేదంట. పోరగాల్లు, పోరీలు అందరు నవ్విన్రంట. ఆ దినమే ఇంటికొచ్చి సంచి అటకమీద పడేసిండు. నేను సచ్చినా పోనన్నడు. ఖాళీగ ఉంటే చెడిపోతడని పనికి తోలిన.” డబ్బు కొరకే పోయినాడని నేను అనుకొంటిని. డబ్బు తరువాత వచ్చినది, సిగ్గు ముందు వచ్చినది. ఆమె చెప్పనిచ్చినందున తెలిసినది. నేను బోధించుచుండగా తెలియలేదు.

మనకు దక్షిణమున ఉన్న రంగారెడ్డి జిల్లాలో, శంకర్‌పల్లి మొదలగు మండలములలో, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు చేసిన పనిని ఇక్కడ జ్ఞాపకము చేయవలెను. 1981లో ఆ సంస్థ ఏర్పడినది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో ఆచార్యులుగా ఉండిన శాంతా సిన్హాగారు దానిని నడిపించినారు. 1990లలో గొడ్లు కాయు పిల్లలను, జీతమునకున్న పిల్లలను శిబిరములకు తెచ్చి, కొన్ని నెలలు అక్కడనే ఉంచి, తమ వయస్సుకు తగిన తరగతిలో చేర్పించు పద్ధతిని వారు స్థిరపరచినారు. దానినే బ్రిడ్జి కోర్సు అన్నారు. 2003లో శాంతా సిన్హాగారికి రామన్ మెగసెసే పురస్కారము వచ్చినది. ఆ పనిలో నేను గమనించినవి రెండు. బీద తల్లిదండ్రులకు చదువు మీద ఇష్టము లేదను మాట నిజము కాదని వారు ఊరూర రుజువు చేసినారు. ఇంటింటికి పోయినవారు ఎక్కువగా ఆ ఊరి యువకులే. బిడ్డను బడిలో చేర్చి చేతులు దులుపుకొనక, చేరిన తరువాత కూడ వెంటనంటి చూచినారు.

రెండవది నాకు కొంచెము నొప్పి కలిగించినది. బడికి రాని ప్రతి బిడ్డను పనిచేయు బిడ్డగానే వారు ఎంచినారు. పనిచేయు పిల్లలకు రాత్రి బడి పెట్టి తృప్తిపడుట సరికాదని, అది పనికి ఒప్పుకొన్నట్లే యగునని వాదించినారు. మన సండే స్కూలు ఎట్లు పుట్టినదో మీకు తెలుసు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణములో రాబర్ట్ రైక్స్‌గారు వారమంతయు పనిలో మగ్గు పిల్లలకు ఆదివారము అక్షరములు నేర్పించుటకు దానిని సాగించినారు. ఆ కాలమునకు అది గొప్ప కార్యమే. ఆ చరిత్రను తలచుకొని నేనును మా పిల్లవానికి, ఇంకొక నలుగురికి రాత్రి ఎనిమిది గంటలకు గుడి వరండాలో ట్యూషన్ పెట్టితిని. రెండు వారములు వచ్చినారు. మూడవ వారము ఇద్దరు పలకమీద తల పెట్టి నిద్రపోయినారు. పది గంటలు బరువులెత్తిన దేహము అది. నేను వారిని లేపలేక దుప్పటి కప్పితిని. బిడ్డకు మిగిలిన సమయమును కాదు, పగటి సమయమును ఇవ్వవలెనని ఆ రాత్రి నాకు అర్థమైనది.

తిరిగి వచ్చుట ఎట్లు జరిగినదో చెప్పెదను. ప్రధానోపాధ్యాయులవారు మూడు పనులు చేసినారు. పేరు కొట్టివేయలేదు. అసెంబ్లీలో నిలువబెట్టి క్షమాపణ చెప్పించలేదు. ఉదయము మొదటి రెండు పీరియడ్లు వానిని, వానివంటి ఇంకొక ఏడుగురిని వేరుగా కూర్చుండబెట్టి, ఒక టీచరమ్మ చేత చదువుట, భాగహారము, భిన్నములు చెప్పించినారు. పదవ తరగతి పిల్లలకు భాగహారమా అని కొందరు నవ్వినారు. ఆ తలుపు మూసియుండెను గనుక పిల్లలు నవ్వలేదు. అడ్వాన్సు సంగతి మాట్లాడుటకు మన సంఘ పెద్ద ఒకరు గుత్తేదారు దగ్గరకు వచ్చినారు. డబ్బును మూడు నెలలలో తీర్చినాము. ఆ పిల్లవాడు తెచ్చిన కృతజ్ఞతార్పణను కూడ అందులోనికే వాడితిమి. కానుకను తిరిగి ఇచ్చుట మన పద్ధతి కాదని ఒక పెద్దమనిషి అభ్యంతరము చెప్పినారు. నేను దానికి జవాబు చెప్పలేదు, ఇచ్చివేసితిని.

ఇదంతయు సుఖాంతము కాలేదు. వాడు వచ్చి, మరల ఇరువది దినములు పోయి, మరల వచ్చినాడు. ఆ సంవత్సరము పరీక్షకు హాజరు చాలలేదు. తరువాతి సంవత్సరము సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి వ్రాసినాడు. గణితము ఇంకను మిగిలియున్నది. పదునాలుగు ఏండ్లు నిండిన ఎవరైనను ఓపెన్ స్కూలులో పదవ తరగతికి చేరవచ్చును, అది మంచి వాకిలి. అయితే ఫలితముల శాతము తగ్గునని భయపడి వెనుకబడిన బిడ్డను “ఓపెన్‌లో కట్టుకో” అని పంపివేయుట కొన్నిచోట్ల జరుగుచున్నది. అది బయటికి త్రోయు వాకిలి యగును. తరగతులు ఎక్కువగా ఆదివారములు, సెలవు దినములలో పెట్టుదురు. అటువంటి బిడ్డలు ఆరాధనకు రానందుకు నేను అడుగనని మా సంఘములో ప్రకటించితిని. సాయంకాలము ఇంటికి పోయి ప్రార్థన చేసి వచ్చుచున్నాను.

ఆడపిల్లల లెక్క వేరు. వారు గోదాముకు పోరు గనుక ఎవరి కంటను పడరు. తల్లి కంపెనీలో ఉదయపు షిఫ్టుకు పోయినచో, చిన్న తమ్ముని చూచుటకు ఎనిమిదవ తరగతి అమ్మాయి నిలిచిపోవును. నెలకు నాలుగు దినములు క్రమముగా రాకపోయినచో, బడిలో నీళ్ళు, తలుపుకు గడియ ఉన్నవో లేవో ముందు చూడుడి, తరువాత తల్లిని అడుగుడి. సంబంధము చూచుచున్నారని తెలిసిన దినముననే టీచరమ్మ పోవలెను. 2006 చట్టము ప్రకారము పదునెనిమిది నిండనిదే వివాహము నేరము. ఈ మాట పాస్టర్లకు కూడ చెప్పుచున్నాను. మనము బాన్సులు చదువుటకు ముందు వయస్సు పత్రము చూచుచున్నామా? చుట్టముల ఇంట అప్పగింపునకు మారుగా కస్తూర్బా బాలికా విద్యాలయములున్నవని, అక్కడ ఉండి చదువవచ్చునని చాలమంది తల్లులకు తెలియదు.

ఇక ఒరిస్సా, బీహారు నుండి వచ్చినవారి బిడ్డలు. టి.సి. ఆలస్యమైనందుకు గాని, వయస్సు పత్రము లేనందుకు గాని ఎనిమిదవ తరగతిలోపు బిడ్డను చేర్చుకొనకుండరాదని విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. అయినను కాగితము లేదని గేటు దగ్గరనుండియే తిరిగిపోవుచున్నారు. వారు తెలుగు చదువరు, మనము ఒరియా మాట్లాడము. వారి విషయములో నేను చేసినది చాల తక్కువ, గొప్పగా చెప్పుకొనుటకు ఏమియు లేదు.

మెదక్ దేవాలయమును గూర్చి ఈ సంచికలో పెద్దలు వ్రాసియుందురు. పాస్నెట్ దొరగారు కరువు దినములలో పని ఇచ్చి కూడు పెట్టి దానిని కట్టించినారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. రాళ్ళను గూర్చి మనము చాల చెప్పుకొనుచున్నాము. ఆ దినములలోనే మిషను బోర్డింగులలో మన తాతలు, నాయనమ్మలు అక్షరములు నేర్చుకొన్నారు. వారు తమంతట తాము పోలేదు. ఎవరో ఒకరు మాదిగవాడకు, మాలవాడకు నడిచి వచ్చి, ఈ ఇంటిలో ఎందరు బిడ్డలున్నారని అడిగినందున పోయినారు.

మన పని ఎట్లు ఉండవలెనో ప్రధానోపాధ్యాయులవారితో మాట్లాడి ఒక ఏర్పాటు చేసికొన్నాము. ప్రతి శుక్రవారము క్లాసు టీచర్లు మూడు దినములు రాని పేర్లను ఒక చీటిమీద వ్రాసి కార్యాలయములో ఉంచెదరు. చీటి గోడకు అంటించరు, సంఘములో చదువరు. సంఘమునుండి ఇద్దరు, బడి కమిటీ తల్లులలో ఇద్దరు, శనివారము సాయంకాలము ఆ ఇండ్లకు పోవుదురు. ఏ మతమువారి ఇల్లయినను ఇది మత పని కాదు, బైబిలు చేత పట్టుకొని పోము. పనిలో కష్టపెట్టబడుచున్న బిడ్డ కనబడినచో 1098 నంబరుకు చెప్పుదుము. మొదటి జీతపు కవరు వచ్చినచో, ప్రార్థనకు ముందు నేను వయస్సు అడిగెదను. ఎవరును నొచ్చుకొనవద్దు.

సెలవుల తరువాత బడి తెరుచు దినమున నేను, ఇద్దరు పెద్దలు గేటు దగ్గర నిలిచియుందుము. వచ్చిన పేర్లకు గుర్తు పెట్టుటకు ఒక పట్టీ ఇచ్చెదమని సారుగారు ఒప్పుకొన్నారు. మా పిల్లవాడు కూడ వచ్చెదనన్నాడు. ఎవరు ఏ గోదాములో ఉన్నారో మాకంటె వానికి బాగుగా తెలుసు. రాదలచినవారు ఎనిమిదిన్నరకు రండి. మొదటి గంట కొట్టిన తరువాత వచ్చినచో లాభము లేదు.